మూట అరిచినా ఎవరూ కదలొద్దు

ఇంటి ముందుగదిలో కుట్టు దుకాణం నడుపుకునే టైలరమ్మ ఒక పొద్దున అల్మరా తెరిచేసరికి, బ్యాంకు మేనేజరుగారి కోటు గుడ్డ మీద ఒక వీధిపిల్లి నాలుగు పిల్లల్ని పెట్టుకుని పడుకుని ఉంది. తలుపు కొట్టి రావడం తెలీదా అన్నట్టు టైలరమ్మ వైపు ఒక చూపు చూసి మళ్లీ కళ్లు మూసుకుంది. గుడ్డ మంచిది. నల్లటిది, నలగనిది, ఆ అల్మరా మొత్తానికి మెత్తనిది. పిల్లికి గుడ్డ ఎంచుకోవడం వచ్చునని టైలరమ్మ లోపల మెచ్చుకుంది. మేనేజరుగారితో మాత్రం నేతలోనే ఏదో లోపం ఉందనీ, వేరే ముక్క తెప్పిస్తున్నాననీ చెప్పింది.

పిల్లలు పాలు మాని తిండికి అలవాటు పడగానే, ఆ తల్లి ఒక మధ్యాహ్నం కిటికీ ఎక్కి, ఒళ్లు విరుచుకుని, అవతలికి దూకి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. తర్వాత జరిగినవన్నీ చూస్తే, దానికి ఆ నాలుగో పిల్ల సంగతి ముందే తెలిసిపోయి ఉంటుందనిపిస్తుంది.

పేర్లు దుకాణంలోంచే వచ్చాయి. చెవులూ తోకా తప్ప మధ్యలో ఏమీ లేనట్టుండే ఆడపిల్ల సూది. ఎప్పుడూ ఎవరో ఒకరి కాళ్లకు చుట్టుకుని పడేసేది దారం. గుండ్రటి కళ్లేసుకుని గోడను చూసి కూడా ఆశ్చర్యపోయేవాడు గుండీ. నాలుగోవాడికి మొదట కత్తెర అని ముచ్చటగా పెట్టుకున్నారు గానీ, ఆ పేరు వాడి ఒంటికి పట్టలేదు. చూస్తుండగానే బిగుతైపోయింది. మూట అన్నారు, అదే ఖాయమైంది.

ఆ ఇంట్లో మనుషులు ముగ్గురు. టైలరమ్మ, ఆమె భర్త, అత్తగారు. భర్త లిఫ్టు మెకానిక్. ఊళ్లో ఎత్తైన మేడల్లో ఎక్కడ లిఫ్టు మొరాయించినా ఆయనే వెళ్లాలి. అత్తగారు ఆడపిల్లల బడిలో పెద్ద టీచరమ్మగా చేసి రిటైరయ్యారు. ఆవిడ వరండాలో నడుస్తుంటే చెప్పుల చప్పుడుకే పై అంతస్తులో పిల్లలు కూడా నోళ్లు మూసుకునేవాళ్లట. ఇప్పటికీ సంతలో నడివయసు ఆడవాళ్లు ఆవిడ కనబడగానే నములుతున్నది గబుక్కున మింగేస్తారు.

ఇంతమంది ఉండి కూడా, ఆ ఇంటిని ఏలింది మూట.

వాడి పద్ధతి సులువు. వాడు అరుస్తాడు. మామూలు పిల్లికూత కాదు. ఇనప కుర్చీని గచ్చు మీద ఈడ్చినట్టు మొదలై, చివరికి ఏడుపులోకి దిగేది. తెల్లవారకముందే భర్త గుండెల మీద కూర్చుని ముక్కులో పంజా పెట్టేవాడు. పక్కకి తిరిగి పడుకుంటే కాలి బొటనవేలు కొరికేవాడు. టైలరమ్మ మిషను దగ్గర ఉంటే బల్ల ఎక్కి, ఆవిడ కళ్లలోకి సూటిగా చూస్తూ, ఒక్కో దారం రీలునూ మెల్లగా అంచుదాకా తోసేవాడు. "వద్దు," అనేది ఆవిడ. ఒక్క క్షణం ఆగి ఆలోచించి, తోసేసేవాడు. నాలుగు తిండి పలుకులు గిన్నెలో పడితేగానీ ఆ కార్యక్రమం ఆగేది కాదు.

తినడం ఇంకో ముచ్చట. నాలుగు గిన్నెలు వరసగా పెడితే, మిగతావాళ్లు మూతి పెట్టేలోగా వాడు తనది ఊడ్చేసి, గుండీని భుజంతో నెట్టి, దారాన్ని వెనక్కి తోసి, చివరికి సూది గిన్నె దగ్గరికి వచ్చేవాడు. సూదిని తోయాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. వాడి నీడ పడగానే అది నాలుగడుగులు వెనక్కి వేసి, మొహం పక్కకి తిప్పి, తనకసలు ఆకలే లేదన్నట్టు ఒళ్లు నాకుకునేది.

"వాడిది ఎదిగే వయసు," అనేవారు అత్తగారు.

"నలుగురిదీ ఒకటే వయసు అత్తయ్యా. ఒకే రోజు పుట్టారు," అనేది టైలరమ్మ.

"అయితే వాడికి బుద్ధిగా ఎదగడం తెలుసు."

అత్తగారితో వాదనకు దిగి గెలిచినవాళ్లు ఆ ఇంట్లో లేరు. టైలరమ్మ మిషను తొక్కుకుంది.

చివరికి భర్త ఒక ఆదివారం చేతులు నలుపుకుంటూ లేచాడు. "ఇది మనుషుల వల్ల అయ్యేది కాదే. మనకి జాలి ఉంది, అదీ గొడవ. మిషను పెడదాం. మిషనుకి జాలుండదు," అన్నాడు.

ఒక పెద్ద బిస్కెట్ డబ్బా, ఒక పాత మోటారు, పనికిరాని లిఫ్టు తలుపుల భాగాలు కొన్ని కలిపి సాయంత్రానికల్లా ఒక యంత్రం తయారుచేశాడు. వేళకి టింగుమని గంట మోగుతుంది, చిన్న తలుపు తెరుచుకుంటుంది, కొలిచినంత తిండి జారుతుంది, తలుపు మూసుకుంటుంది. అచ్చం లిఫ్టు వచ్చినట్టే. అందరూ మెచ్చుకున్నారు. అత్తగారు కూడా, "చదువుకునే రోజుల్లో ఈ తెలివి ఏ అటక మీద పెట్టావురా?" అని మెచ్చుకున్నారు.

ఒకట్రెండు రోజులు ఇల్లు చల్లగా ఉంది. మూట ఇప్పుడు మనుషుల మీద కాకుండా యంత్రం మీద అరుస్తున్నాడు. దాని ముందు బైఠాయించి, పొద్దస్తమానం దాన్ని తిడుతున్నాడు. యంత్రం నిజంగానే చలించలేదు.

అయితే భర్త ఒక మంచిపని చేశాడు. లిఫ్టు తలుపుల మధ్య ఎవరైనా చెయ్యి పెడితే తలుపు మూసుకోకుండా మళ్లీ తెరుచుకుంటుంది కదా. పిల్లల పంజాలు నలిగిపోతాయేమోనని ఆయన ఈ చిన్న తలుపుకీ అదే ఏర్పాటు పెట్టాడు. మూట ఒక మధ్యాహ్నం తలుపు మూసుకునే వేళకి పంజా అడ్డం పెట్టాడు. తలుపు మర్యాదగా తెరుచుకుని ఇంకో కొలత తిండి పోసింది.

టైలరమ్మ గౌనుకి జేబు కుడుతోంది. లోపలినుంచి టింగుమని వినిపించింది. వేళ కాదే అనుకుంది. మళ్లీ టింగ్. మళ్లీ. తర్వాత టింగ్ టింగ్ టింగ్ అని ఊపిరి తీసుకోకుండా మోగడం మొదలైంది. ఆవిడ పరుగున వెళ్లేసరికి డబ్బా ఖాళీ. మూట వెల్లకిలా పడి ఉన్నాడు, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి. పొట్ట నగారాలా ఉంది. కళ్లు మాత్రం తృప్తిగా సగం మూసి ఉన్నాయి. మిగతా ముగ్గురూ దూరంగా కూర్చుని, ఏదో ఘనకార్యం చూసినట్టు చూస్తున్నారు.

టైలరమ్మ మెడలో టేపు ఉండనే ఉంది. చుట్టి చూసింది. నడుము కొలత ఛాతీని దాటిపోయింది. వృత్తిలో అలాంటి కొలతలు ఆవిడకి కొత్త కాదు గానీ, అవన్నీ కాస్త వయసు మీరినవాళ్లవి. దూరంగా ఉన్న సూదిని ఎత్తుకొచ్చి దానికి కూడా ఎందుకో చుట్టింది. ఆ కొలత చూసి టేపు తిరగేసి పట్టుకున్నానేమో అనుకుంది. తిరగేసి పట్టుకోలేదు. వేలికింద ఎముకలు ఒక్కొక్కటే తగిలాయి.

ఆ సాయంత్రమే నాలుగింటినీ బుట్టలో వేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లారు. అక్కడి డాక్టరమ్మ సన్నగా, పొట్టిగా ఉంటుంది. మాట మాత్రం పొదుపు తెలియనిది.

"నలుగురికీ ఒకే చోట, వరసగా పెడుతున్నారా?" అంది మూటని తిరగేసి చూస్తూ.

"అవునండీ. నాలుగు గిన్నెలు."

"వీడికవి నాలుగు గిన్నెలు కాదమ్మా. ఒకే పొడవాటి గిన్నె. సరే, అరిచినప్పుడు పెడుతున్నారా?"

"అబ్బే," అంది టైలరమ్మ.

"అస్సలు లేదండీ," అన్నాడు భర్త.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అబద్ధం చెప్పే పిల్లిని నేనింతవరకూ చూడలేదు. వాటి మనుషుల్ని మాత్రం రోజూ చూస్తున్నా."

నలుగురికీ నులిపురుగుల మందు వేసింది. మూటకి రోగమేమీ లేదనీ, దొరికినప్పుడే తినకపోతే మళ్లీ దొరకదేమోనన్న భయం కొంతా, అరిస్తే దొరుకుతుందన్న అలవాటు కొంతా అనీ తేల్చింది. "పస్తు పెట్టకండి. ఇంకా పిల్లలే. కొలిచి, వేళకి పెట్టండి. నలుగురికీ నాలుగు చోట్ల, మధ్యలో తలుపు. కాసేపటికి గిన్నెలు తీసేయండి. పెట్టేముందు బాగా ఆడించండి. వీడి తిండిని మాత్రం బొక్కలున్న డబ్బాలో వేసి దొర్లించుకోనివ్వండి, కాస్త కష్టపడి తింటాడు. ఇక అరుపులంటారా, వాడు అరుస్తున్నంతసేపూ ఎవరూ కదలొద్దు. ముందు ఇంకా పెద్దగా అరుస్తాడు. సరిగ్గా అప్పుడు మీరు లొంగితే, ఎంత అరవాలో మీరే దగ్గరుండి నేర్పినట్టు."

తర్వాత సూదిని చేతిలోకి తీసుకుంది. ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది. "దీని సంగతి చూడండి. అల్లరి చేసేవాడి చుట్టూ అందరూ తిరుగుతారు. ఇది ఇలాగే మర్యాదగా ఒక మూల కూర్చుని పోతుంది."

ఇంటికొచ్చాక చోట్లు పంచారు. దారానికి వంటిల్లు. గుండీకి స్నానాలగది. సూదికి దుకాణంలో బట్టలు వేసుకుని చూసుకునే చిన్నగది. మూటకి అత్తగారి గది, ఎందుకంటే ఆ తలుపొక్కటే గట్టిది, పైగా అక్కడ అత్తగారు ఉంటారు. క్రమశిక్షణకి అంతకన్నా ఏం కావాలి?

మొదటి రోజే చిక్కొచ్చింది. ఒకావిడ కొత్త గౌను వేసుకుని చూసుకుందామని చిన్నగదిలోకి వెళ్లి కెవ్వుమంది. "లోపలెవరో భోంచేస్తున్నారు!" అంది బయటికొచ్చి. భోంచేస్తున్నది సూది. చేస్తున్నది అనడం కూడా ఎక్కువే. ఆ కేకకి అది గిన్నె వదిలేసి మిషను కిందికి దూరింది. ఆ రోజంతా బయటికి రాలేదు.

మూట అయితే అత్తగారి గదిలోకి మహారాజులా వెళ్లి మహారాజులా వచ్చేవాడు. అరుపులు తగ్గలేదు. వారం తిరిగేసరికి టైలరమ్మ టేపు చుట్టింది. ఇంకా పెరిగాడు.

"మీరు పెడుతున్నారు కదూ?" అంది భర్తతో.

"నేనా? నువ్వే పెడుతున్నావేమో. మొన్న వాడితో గుసగుసలాడావు."

"కాలు తొక్కాను, సారీ చెప్పాను. మీ జేబులో ఏంటది?"

ఆయన పని చొక్కా జేబులో కాగితంలో చుట్టిన ఉడికిన కోడి ముక్క ఉంది. "ఒక్కసారే. నా ముక్కులో పంజా పెట్టాడే. ముక్కులో! నీకలా పెడితే తెలిసేది," అన్నాడు. రెండు రోజులు ఇద్దరూ ఒకరి జేబులు ఒకరు వెతుక్కుంటూ గడిపారు. ఏమీ దొరకలేదు. మూట ఇంకాస్త బలిశాడు.

నిజం మధ్యాహ్నం పూట బయటపడింది. టైలరమ్మ అత్తగారి కళ్లద్దాలు ఇవ్వడానికి వెళ్లి తలుపు దగ్గర ఆగింది. లోపల అత్తగారు బడిగొంతుతో మాట్లాడుతున్నారు.

"నిటారుగా కూర్చో. తోక ముందుకి పెట్టు. ఏమిటా అరుపు? ఇది ఇల్లా, సంతా? ఇదే ఆఖరుది, అర్థమైందా? ఇంకోసారి నోరెత్తావంటే చూడు."

వెంటనే ఇనప కుర్చీ ఈడ్చినట్టు మూట అరుపు.

"సరే, ఇది నిజంగా ఆఖరుది," అన్నారు అత్తగారు. డబ్బా మూత చప్పుడైంది.

టైలరమ్మ తలుపు తోసింది. పెద్ద టీచరమ్మ ఒళ్లో రేకు డబ్బా, ఎదురుగా మంచం మీద మూట. ఇద్దరూ ఒకేలా ఉలిక్కిపడ్డారు. ఆవిడ డబ్బాని చీరచెంగు కింద దాచబోయి, దాచలేక, మొహం ఎర్రగా చేసుకున్నారు.

"అత్తయ్యా, మీరా?"

"నేనే. ఏం? అన్నేళ్లు పిల్లలకి చదువు చెప్పాను. నేను వస్తుంటే పారిపోయారు గానీ, ఒక్కరు కూడా నా వెనకాల రాలేదు. వీడు నేను గదిలో అటు పోతే అటు, ఇటు పోతే ఇటు వస్తాడు."

టైలరమ్మకి జాలేసింది. కానీ సూది ఎముకలు ఇంకా వేళ్లకి గుర్తున్నాయి. "వాడు మీ వెనకాల రావట్లేదు అత్తయ్యా. మీ డబ్బా వెనకాల వస్తున్నాడు," అంది.

పెళ్లయ్యాక అత్తగారికి ఆవిడ ఇంత సూటిగా ఎదురు చెప్పడం అదే మొదలు. చెప్పేసి, ఇక ఇల్లు కూలుతుందనుకుని కళ్లు మూసుకుంది. ఇల్లు కూలలేదు. అత్తగారు లేచి, డబ్బాని మంచం మీదే వదిలి, గట్టిగా చెప్పులు చప్పుడు చేస్తూ గుమ్మందాకా నడిచి వెనక్కి తిరిగి చూశారు. మూట కదల్లేదు. డబ్బా మీద పంజా వేసి, మూత ఎలా తీయాలా అని పరిశీలిస్తున్నాడు.

ఆ రోజంతా అత్తగారు ఆ పిల్లితో మాట్లాడలేదు. వాడు ఎదురైతే మొహం తిప్పుకున్నారు. వాడికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. మర్నాడు పొద్దున ఆవిడ జుట్టు బిగించి ముడేసుకుని వంటింట్లోకి వచ్చి డబ్బా కోడలి చేతికిచ్చారు.

"డాక్టరమ్మ ఏం చెప్పింది? మొదటినుంచీ చెప్పు."

టైలరమ్మ చెప్పింది.

"ఇకనుంచి తిండి నేను చూసుకుంటా. మూటగాణ్ని నీ బట్టల చిన్నగదిలో పెట్టు, ఎవరు కెవ్వుమన్నా వాడు తినడం ఆపడు. ఆ బక్కదాన్ని నా గదిలో పెట్టు."

ఆ తర్వాతి రోజుల గురించి వీధిలో వేరే కథలు ప్రచారంలో ఉన్నాయి. పక్కింటివాళ్లు టైలరమ్మ ఇంట్లో ఎవరో చిన్నబిడ్డని గొంతు నులుముతున్నారనుకున్నారు. మూట డాక్టరమ్మ చెప్పినట్టే అరిచాడు, చెప్పినదానికన్నా ఎక్కువ అరిచాడు. దారం రీళ్లన్నీ అయిపోయాక సుద్దముక్కలు తోశాడు, తర్వాత టైలరమ్మ కళ్లద్దాలు తోశాడు. ఒక తెల్లవారుజామున మంచం పక్కన నిలబడి, తల వెనక్కి వాల్చి, ఇంతకుముందు ఏ పిల్లీ తీయని రాగం తీశాడు. భర్త దుప్పటి తన్నేసి లేచాడు.

"ఇక నా వల్ల కాదు. నేను పెట్టేస్తున్నా."

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. "కూర్చో," అన్నారు.

నలభై ఏళ్లు దాటిన మనిషి, మేడల మీద మేడలెక్కి తీగలకి వేలాడే మనిషి, చప్పున మంచం మీద కూర్చున్నాడు. ఆశ్చర్యమేమిటంటే మూట కూడా కూర్చున్నాడు. ఆ గొంతు విని వాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అత్తగారు ఇద్దరినీ చూసి, "ఊఁ" అని వెళ్లిపోయారు. తిండివేళ అయ్యాక, అరుపు ఆగాక, వాడికి చీపురుపుల్లతో ఆట, ఆ తర్వాత బొక్కల డబ్బా. వాడు దాన్ని దొర్లించుకుంటూ చిన్నగదంతా తిరిగి, ఒక్కో పలుకూ రాల్చుకుని, తిట్టుకుంటూ తిన్నాడు. అరిచినా పెట్టరని, అరవకపోయినా పెడతారని వాడి బుర్రకెక్కడానికి చాలా రోజులు పట్టింది. ఎక్కాక మాత్రం గొంతు కాస్త దించాడు.

సూది అంత తేలిగ్గా లొంగలేదు. గిన్నె పెట్టి ఎదురుగా కూర్చుంటే ముట్టదు. తలుపేసి వెళ్లిపోతే భయపడి తలుపు గీరుతుంది. అత్తగారు బతిమాలారు, గద్దించారు, చేత్తో పెట్టబోయారు. అది మంచం కిందికి పోయి, ఆవిడనే చూస్తూ కూర్చుంది. తన గదిలో ఒక పిల్ల తనను చూసి మంచం కింద దాక్కోవడం ఆవిడకి కొత్తేమీ కాదు గానీ, ఈసారి మనసు చివుక్కుమంది.

చివరికి ఒక పూట కుర్చీని గోడవైపు తిప్పుకుని, సూదికి వీపు చూపిస్తూ కూర్చున్నారు. అన్నేళ్ల ఉద్యోగంలో ఆవిడ ఒక్కసారి కూడా తరగతికి వీపు చూపించలేదట. బోర్డు మీద రాసేటప్పుడు కూడా పక్కకి నిలబడి, ఒక కన్ను పిల్లల మీద ఉంచి రాసేవారు. అలాంటిది గోడని చూస్తూ, తిరిగి చూడాలన్న మెడని బలవంతాన ఆపుకుని కూర్చున్నారు. గోడ మీద సున్నం పెచ్చులు ఎక్కడెక్కడ లేచాయో అన్నీ తెలిశాయి. కాలు తిమ్మిరెక్కింది. టైలరమ్మ తలుపు సందులోంచి చూస్తే, పెదవులు బిగించి, కళ్లు పెద్దవి చేసి, చెవులు మాత్రం వెనక్కి పెట్టుకుని ఉన్నారు.

చాలాసేపటికి గచ్చు మీద గోళ్ల చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది. తర్వాత చిన్నగా, ఒక్క పలుకు పళ్లకింద నలిగింది.

అత్తగారు కదల్లేదు. ఒక చెయ్యి మాత్రం పైకెత్తి, తలుపు సందులో ఉన్న కోడలికి ఉండమని సైగ చేశారు. ఇంకో పలుకు. ఇంకోటి. గిన్నె గచ్చు మీద కాస్త జరిగింది. అంటే మూతి లోపల పెట్టి తింటోంది.

ఆ తర్వాత ప్రతి పూటా అంతే. కుర్చీ గోడవైపు. పొద్దున టీ కూడా గోడని చూస్తూనే తాగేవారు. కొన్నాళ్లకి సూది తినేసి, కుర్చీ కాళ్ల మధ్యనుంచి వెళ్తూ తోక తగిలించి పోవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ దాన్ని చూసి బరువు పెరిగిందంది. మూటని చూసి, "వీడి నడుము ఎక్కడుందో కనబడుతోందే!" అంది. భర్త ఆ పొగడ్త తన యంత్రానికే అన్నట్టు మొహం పెట్టాడు. యంత్రం అటకెక్కి చాలా రోజులైంది.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ముగ్గురూ వంటింట్లో ఉన్నారు. తిండివేళకి ఇంకా కాస్త ఉంది. గుమ్మంలోంచి ఒక అరుపు వినబడింది. సన్నది, వంకర్లు పోయినది, సగంలో విరిగినది. అందరూ మూట వైపు చూశారు. మూట కూడా ఎవరబ్బా అన్నట్టు వెనక్కి తిరిగాడు.

గుమ్మంలో సూది. తోక నిటారుగా నిలబెట్టి, నోరు చెవులదాకా తెరిచి, నాకు ఆకలేస్తోంది, ఇక్కడెవరూ లేరా అని అరుస్తోంది. పుట్టాక దాని గొంతు ఆ ఇంట్లో వినడం అదే మొదలు.

టైలరమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. భర్త అప్పటికే డబ్బా దగ్గరికి చెయ్యి చాపాడు. "అమ్మా, పాపం, మొదటిసారి అడుగుతోందే," అన్నాడు.

"చెయ్యి తియ్. అందరికీ ఒకటే రూలు," అన్నారు అత్తగారు.

ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడి విన్నారు. సూది అరిచింది. ఇంకా గట్టిగా అరిచింది. ఎంత బాగా అరుస్తోందో అని వాళ్లకి మొహాల మీద నవ్వు ఆగడం లేదు. అరిచి అరిచి, మళ్లీ ఎత్తుకునే ముందు అది ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది.

అత్తగారు గిన్నె కింద పెట్టేశారు.

"ఆపింది కదా," అన్నారు ఎవరి వైపూ చూడకుండా.